సిద్ధమ్మ చేతికర్ర

మదనపల్లె బస్టాండు వెనక చంకకర్రలు, వీల్‌చెయిర్లు బాగుచేసే ప్రకాష్ బాబు ఆదివారం చర్చిలో తబలా వాయిస్తాడు, మిగతా రోజుల్లో స్క్రూడ్రైవరు వదలడు. ఎవరైనా కుంటుతూ రోడ్డు దాటుతుంటే టీ చల్లారేదాకా చూస్తాడు. జాలితో కాదు, ఆ మనిషికి కర్ర పొడవు సరిపోయిందా లేదా అని. స్నేహం కొద్దీ పక్కన కూర్చునే నాకు ఆ చూపు చూస్తే ఒళ్లు మండేది.

పుంగనూరు దగ్గరి పల్లెలో ఉండే సిద్ధమ్మ, తుంటికి ఆపరేషనయ్యాక కోడలు వనితను వెంటబెట్టుకుని ఆ కొట్టుకొచ్చింది.

"మళ్లీ పడతాదని భయమన్నా. నేను చేనికి పోవల్లంటే ఈమెను యాడ పెట్టేది?" అంది వనిత.

"నా ఆవు పాలు నేనే పిండుకుంటా. అంతే" అంది ముసలామె.

మావాడికి పూనకం వచ్చింది. కారు వెనక్కి తీసేటప్పుడు కీచుమనే సెన్సార్ ఒకటి తెచ్చి కర్రకు బిగించాడు. ఎదురుగా ఏదైనా అడ్డముంటే పిడి వణుకుతుంది. కర్ర కింద పడితే వనిత ఫోను మోగుతుంది. ఆ ఫోను సంగతి తనకు చేతకాక, కుప్పంలో ఇంజినీరింగ్ చదివే మేనకోడలు శైలజ దగ్గరికి బస్సుల్లో తిరిగాడు.

"నా పరీక్షలు నువ్వు రాస్తావా మామా?" అని ఆ పిల్ల విసుక్కున్నా వదల్లేదు.

కర్ర ఇవ్వడానికి పల్లెకు నేనూ వెళ్లాను. సిద్ధమ్మ వాకిలంతా నడిచింది. దూడ ఎదురొస్తే పిడి వణికింది, ఆగి నవ్వింది. ప్రకాష్ బాబు ఆవును కట్టేసే కొట్టంలోకి కూడా పోయి, పేడకు జారే బండల్ని చేత్తో తడిమి చూసి, కర్ర అడుగున మందపాటి రబ్బరు వేశాడు. పాలు పిండే వేళదాకా మాత్రం మేం ఉండలేదు, బస్సు వెళ్లిపోతుందని తొందరపడ్డాం. ఇద్దరమూ ప్యాకెట్ పాలు తాగేవాళ్లమే.

కర్ర ఉందన్న ధైర్యంతో వనిత టమాటా చేనికి పోసాగింది. ఒక సాయంత్రం తిరిగొచ్చేసరికి అత్త కొట్టంలో బండల మీద పడి ఉంది. ఎంతసేపు అరిచిందో ఏమో, గొంతు పోయింది. ఫోను మోగనే లేదు.

కబురందగానే ఆసుపత్రికి పరుగెత్తాం. ఇక లేచి నడవదని డాక్టరు అప్పటికే చెప్పేశాడు.

"కర్ర కొట్టం బయట గోడకు ఆనించి ఉండాదన్నా" అంది వనిత, ఏడుస్తూ.

ప్రకాష్ బాబు మంచం పక్కన కూలబడ్డాడు. "యాలమ్మా బయట పెట్టినావు?"

"కర్ర పట్టుకుని పాలావు దగ్గరికి ఎవరన్నా పోతారా అప్పా? కొట్టేదానికి వచ్చినారని బెదురుతాది. పాలు బిగబట్టుకుంటాది" అంది సిద్ధమ్మ.

ఆ ముక్క మాకెవరికీ తట్టలేదు. మావాడు ఏం చేయాలో తెలియక దుప్పటి అంచు సర్దుతూ కూర్చున్నాడు. ఇంత జరిగినా సిద్ధమ్మ అతన్ని చూసే జాలిపడింది.

"బాధపడొద్దప్పా" అంది చెయ్యి పట్టుకుని. "నీ కర్ర మంచిది. ఒక్కసారన్నా కింద పడలా."