లేచి నిలబడిన మనిషి

మా నాన్నకు కడుపునొప్పి వస్తే నందికొట్కూరు మొత్తానికీ తెలియాల్సిందే. మా అంగడి మూయించి, నలుగురికి ఫోన్లు చేయించి, "సచ్చిపోతాండా నాయనో" అని దారంతా అరుస్తూ కర్నూలు పెద్దాసుపత్రికి వచ్చాడు. మంచం దొరికాక కూడా ఆ అరుపులు ఆగలేదు. నాకేమో ఒకచోట కూర్చోబుద్ధి కాదు. వార్డు ఈ చివర నుంచి ఆ చివరకు తిరుగుతూనే ఉన్నాను. నేను అటుగా పోయినప్పుడల్లా పక్క మంచం కిర్రుమనేది.

ఆ మంచం మీద కోసిగి అనే ఊరి మనిషి. మిరపకాయలు కోసే పనికి గుంటూరు వైపు వలసపోయి, కడుపునొప్పితో తిరిగొచ్చాడట. భార్య మంచం పక్కన నేల మీద కూర్చునేది. ఇద్దరూ గట్టిగా మాట్లాడగా నేను వినలేదు.

మర్నాడు పొద్దున డాక్టరు వచ్చి మా నాన్న పొట్ట నొక్కి చూశాడు. స్కానింగు రాసి, భయపడొద్దని రెండుసార్లు చెప్పాడు. ఆయన ఇటు తిరిగేసరికి కోసిగి మనిషి మంచం దిగి, తలకు చుట్టుకున్న తువ్వాలు తీసి చంకలో పెట్టుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఎట్లుంది?"

"బాగుండాది సార్."

"నడుస్తున్నావా?"

"నడుస్తాండా సార్."

ఇంటికి పంపమని రాసేసి డాక్టరు ముందుకు పోయాడు. ఆయన అటు తిరిగాడో లేదో, ఈ మనిషి రెండుగా మడుచుకుపోయి మంచం పట్టీ పట్టుకున్నాడు. ముఖమంతా చెమట.

నాకు ఒళ్లు మండింది. "నొప్పి ఉండాదని చెప్పేకి ఏం రోగమప్పా నీకు?" అని అరిచాను.

"అంత పెద్ద సారు వస్తే పండుకోనుంటే మర్యాదేనామ్మా?" అంది భార్య. "బాగలేదంటే ఆయన మందుకు వంక పెట్టినట్టు కాదా?" తర్వాత గొంతు తగ్గించింది. "రాత్రంతా నోట్లో గుడ్డ కుక్కుకున్యాడు. మీ నాయన నిద్ర చెడతాదని."

మా నాన్న నోరు మూసింది అప్పుడే.

తలుపు దగ్గర డాక్టరును పట్టుకున్నాను. "ఆ మనిషిని పండబెట్టి చూడండి సార్" అన్నాను. విసుక్కుంటూనే వచ్చాడు. ఆ మనిషి భార్య పిలిచి ఉంటే వచ్చేవాడా అన్న అనుమానం నాకు ఇప్పటికీ ఉంది. కోసిగి మనిషి మళ్లీ లేవబోతున్నాడు! "లేస్తే ఊరుకోను" అని భుజం పట్టి అదిమాను. డాక్టరు పొట్టకు కుడివైపు కింద నొక్కి చెయ్యి తీశాడు. ఆ మనిషి పళ్లు బిగబట్టాడు, కళ్ల నుంచి నీళ్లు మాత్రం కారాయి. డాక్టరు ముఖం మారిపోయింది. ముందు రాసింది కొట్టేశాడు. మధ్యాహ్నానికల్లా ఆపరేషన్ అయింది. ఇంకో పూట ఆగితే అపెండిక్స్ లోపల పగిలి ప్రాణం మీదికి వచ్చేదని నర్సు చెప్పింది.

మా నాన్నది గ్యాస్ అని తేలింది.

రెండు రోజుల తర్వాత మేం ఇంటికి పోతూ ఆ మనిషికి చెప్పి పోదామని వెళ్లాను. నన్ను చూడగానే కుట్ల మీద చెయ్యి పెట్టుకుని లేవబోయాడు.

"పండుకో అప్పా, పండుకో" అన్నాను.

అప్పుడు తెలిసింది ఆ మంచం ఎందుకు కిర్రుమనేదో. మొదటి రోజు నేను అటుగా పోయిన ప్రతిసారీ, ఆ నొప్పితోనే, లేచి నిలబడ్డాడు. ఎన్నిసార్లు తిరిగానో! నేను ఒక్కసారీ అటు చూసి కూర్చోమనలేదు.