సీలు వేసిన గదిలో నీళ్ళు

రాజమండ్రిలో పాత నాణేలు, తపాలాబిళ్ళల ప్రదర్శన రెండు రోజులు పెట్టాం. మొదటి రోజు సాయంత్రం వ్యాపారుల సరుకంతా ఒకచోట భద్రపరిచే పని నాకు అప్పగించారు. అప్పగించారని అనడం మర్యాదకే. నేనే అడిగి తీసుకున్నాను. అంతకుముందు మరో ఊరి ప్రదర్శనలో ఒకాయన పెట్టె మాయమైతే, కాపలా పెట్టడం మానేసి అందరూ కలిసి అంజనం వేయించారు. ఆ మాట విన్నప్పటి నుంచీ ఒళ్ళు మండుతూనే ఉంది. భద్రత అంటే ఏమిటో చూపిస్తానని మా సేకర్తల సంఘం సమావేశంలో గట్టిగానే అన్నాను.

మేం అద్దెకు తీసుకున్నది కల్యాణ మండపం. అందులో పెళ్ళికూతురి గదికి కిటికీల్లేవు, ఒకటే తలుపు, లోపలే ఒక స్నానాలగది. దానికి రెండు తాళాలు వేయాలన్నాను. ఒక తాళంచెవి నా దగ్గర, రెండోది తణుకు నుంచి వచ్చిన నాణేల వ్యాపారి దగ్గర. తాళాల మీద కాగితం పట్టీ అతికించి, తొమ్మిదిమంది వ్యాపారులూ దాని మీద సంతకాలు పెట్టాలి. మర్నాడు తొమ్మిదిమందీ ఉంటేనే పట్టీ చించాలి. మా సహకార సంఘం ఎన్నికల్లో బ్యాలట్ పెట్టెలకు ఇలాగే చేసేవాళ్ళం. చేతులెత్తించి ఓటు కూడా పెట్టాను. జంగారెడ్డిగూడెం నుంచి వచ్చిన ఒక వ్యాపారి తలుపుకి నిమ్మకాయ కట్టి కొబ్బరికాయ కొడదామన్నాడు. దొంగకి నిమ్మకాయంటే భయమని ఏ పరిశీలనలో తేలిందో చెప్పమని అడిగాను. అందరూ నవ్వారు. ఆయన నిమ్మకాయ జేబులో వేసుకున్నాడు.

ఒప్పుకోనిది ఒక్కరే. రామచంద్రపురం నుంచి వచ్చిన పెద్దాయన, తపాలాశాఖలో ఉత్తరాలు పంచి రిటైరైన మనిషి. నిజానికి ఆయన వ్యాపారి కాదు. డెల్టాలో మూతపడిన చిన్న చిన్న పోస్టాఫీసుల ముద్రలున్న పాత కవర్లూ కార్డులూ నలభై ఏళ్ళుగా పోగుచేశారు. విశాఖపట్నం నుంచి ఒక సేకర్త మర్నాడు పది గంటలకు వస్తానన్నాడు. విడగొట్టకుండా మొత్తం ఒకేచోట ఉంచుతానని మాటిచ్చాడు. పెద్దాయన ఊరు దాటి వచ్చింది ఆ ఒక్క మాట కోసమే.

"నాది అట్టపెట్టేనండి మాస్టారూ. లాడ్జీలో తలకింద పెట్టుకుని పడుకుంటాను. నాకదే అలవాటు," అన్నారు.

"అలవాటు కారణం కాదండి. లాడ్జీ గడియ ఒక్క తోపుకి ఊడొస్తుంది. ఇక్కడ రెండు తాళాలు, కెమెరా, వాచ్‌మన్. ఎక్కడ భద్రమో మీరే చెప్పండి."

"మీరు చెప్పింది కాదనలేనండి. కానీ..."

"కానీ ఏంటండి? ఒకరికి మినహాయిస్తే రూలే ఉండదు."

అరగంట వాదించాను. చివరికి "సరేనండి," అని పెట్టె నా చేతికిచ్చారు. నమ్మకం కుదిరి ఇచ్చారనుకున్నాను. తర్వాత ఆలోచిస్తే, బదులు చెప్పలేక ఇచ్చారని తెలిసింది. ఆఖరున వచ్చింది కాబట్టి ఆ పెట్టెకు స్నానాలగది గుమ్మం పక్కనే చోటు దొరికింది. పెట్టెలన్నిటికీ నంబరు చీటీలు అతికించాక నా చేతులకు మైదా జిగురు అంటుకుంది. కడుక్కుందామని స్నానాలగదిలోకెళ్ళి కుళాయి తిప్పితే చుక్క రాలేదు. రుమాలుతో తుడుచుకుని వచ్చేశాను.

మర్నాడు ఆదివారం. పొద్దున్న ఆరింటికి వాచ్‌మన్ ఫోన్ చేశాడు. "అయ్యగారూ, ఆ గదిలో నీళ్ళ చప్పుడండి. గుమ్మం కింద నుంచి వత్తన్నాయండి."

నేను వెళ్ళేసరికి వరండా అంతా తడి. తెల్లారగానే అతను రోజూలాగే మోటారు వేశాడు. పైన ట్యాంకు నిండింది. మోటారు ఆపించాను. కానీ ట్యాంకు నుంచి దిగే గొట్టానికున్న వాల్వు తుప్పు పట్టి కదల్లేదు. లోపల నీళ్ళు నింపాదిగా పడుతున్నాయి, ఎవరో స్నానానికి బకెట్టు పెట్టుకున్నట్టు.

తణుకాయనకి ఫోన్ చేస్తే స్విచ్చాఫ్. ఆదివారం ఆరాధనకి ఏ చర్చికి వెళ్ళాడో లాడ్జీలో ఎవరికీ తెలియదు. వాచ్‌మన్ సుత్తి తెచ్చాడు. అప్పటికి నలుగురు వ్యాపారులు వచ్చారు. వాళ్ళ వెనకే పెద్దాయన, చెప్పులు చేత్తో పట్టుకుని.

"తాళం పగలగొడతానండి," అన్నాను.

జంగారెడ్డిగూడెం ఆయన తలుపుకి అడ్డం నిలబడ్డాడు. "ఎలా పగలగొడతారండి? తొమ్మిదిమందీ ఉండాలని నిన్న ఓటేయించింది మీరే కదా. రేపు నా పెట్టెలో ఒక వరహా తగ్గిందనుకోండి, ఎవర్నడగాలి? మిమ్మల్నా?"

"లోపల నీళ్ళండి బాబూ."

"నాణేలు తడిస్తే ఏమౌద్దండి? తుడుచుకుంటాం. సీలు పోతే మాత్రం తిరిగి రాదు."

పక్కనున్న ముగ్గురూ అవునన్నారు. వాళ్ళందరివీ నాణేలే. అక్కడున్నవాళ్ళలో కాగితం సరుకున్నది పెద్దాయన ఒక్కరికే. నా జీవితమంతా మెజారిటీ మాటకు విలువివ్వాలనీ, రాసుకున్న నియమాన్ని మనిషి మొహం చూసి మార్చకూడదనీ వాదించాను. ఆ వాదనే తలుపుకి అడ్డం నిలబడి నాతో మాట్లాడుతోంది. సుత్తి నా చేతిలోనే ఉంది. కొట్టలేకపోయాను. భయం వల్లనో, నిజాయితీ వల్లనో ఇప్పటికీ తేల్చుకోలేదు.

"నిమ్మకాయ కట్టనిచ్చుంటే ఇంతవరకూ వచ్చేది కాదు," అని వెనక నుంచి ఎవరో అన్నారు. నిమ్మకాయ కడితే కుళాయి ఆగదు. ఈ మాట ఎవరితోనైనా అంటాను. కానీ నిమ్మకాయ ఒక్కటే కట్టి ఊరుకుని ఉంటే, ఆ తలుపు తెరవడానికి ఎవరూ అడ్డుచెప్పేవారు కాదు.

పెద్దాయన ఎవరినీ బతిమాలలేదు. గుమ్మం కింద నుంచి వస్తున్న నీటిని తన తువ్వాలుతో అద్ది, పిండి, మళ్ళీ అద్దారు. "ఇటు లాగితే లోపల తగ్గుద్దేమోనండి," అన్నారు. అలా తగ్గదని నాకు తెలుసు. ఆయన పక్కన కూర్చుని నా రుమాలుతో నేనూ అద్దాను.

ఎనిమిది దాటాక తణుకాయన చేతిలో బైబిలుతో వచ్చాడు. అప్పటికి మిగతా వ్యాపారులూ వచ్చి ఉన్నారు. విషయం విని ఆయన తలుపు దగ్గరికి పరుగెత్తాడు, తొమ్మిదిమంది ఎదుటా పట్టీ చించి రెండు తాళాలూ తీశాం. స్నానాలగది తూములో ఎప్పటి పెళ్ళివో బంతిపూల రెక్కలు ముద్దగా అడ్డుపడి ఉన్నాయి. కుళాయి పూర్తిగా తెరిచి ఉంది. ఇనుప పెట్టెలన్నీ క్షేమం. అట్టపెట్టె అడుగు నానిపోయి, ఎత్తగానే ఊడిపోయింది.

కవర్లను పెళ్ళి వేదిక మీద పరిచి ఫ్యాన్లు వేశాం. పోస్టాఫీసు ముద్రలు చెక్కుచెదరలేదు, అది నూనె సిరా. కలంతో రాసిన చిరునామాలు మాత్రం నీలి మరకలయ్యాయి. ఏ ఊరి నుంచి బయల్దేరిందో తెలుస్తోంది, ఎవరికి వెళ్ళిందో తెలియడం లేదు.

విశాఖపట్నం ఆయన పది గంటలకు వచ్చాడు. మంచివాడే. చాలాసేపు వంగి చూశాడు. "తడవనివి తీసుకుంటానండి. ఈ తడిసినవి నేను కాపాడలేను," అన్నాడు.

అన్నీ కలిపి తప్ప ఇవ్వనని పెద్దాయన అంటారని ఎదురుచూశాను. అనాలని కోరుకున్నాను. ఆయన వేదిక వంక చూసి, "సరేనండి," అన్నారు. ముందురోజు నాతో అన్నట్టే అన్నారు.

ఇక ఆగలేక చెప్పేశాను. "నిన్న ఆ కుళాయి తిప్పింది నేనేనండి. మళ్ళీ కట్టానో లేదో గుర్తులేదు."

"గుర్తులేదా?"

"లేదండి. ఎంత ఆలోచించినా."

సాక్ష్యం లేనిదే ఎవరి మీదా నింద వేయకూడదని ఎన్ని సభల్లో చెప్పానో. అక్కడ మాత్రం ఆయన చేత ఒక మాట అనిపించుకుంటే బాగుండుననిపించింది. "అక్షరం పోయిన చోట నా కళ్ళకి ఆనడం లేదు. మీరు చూసి చెప్పండి," అంటూ ఆయన మొదటి కవరు నాకందించారు.

నేను ముద్రలు చదివాను. కోటిపల్లి, పొడిది. వెల్ల, తడిసింది. కూళ్ళ, తడిసింది. మాచవరం, పొడిది. పొడివి ఆయనే అందుకుని విశాఖపట్నం ఆయన సంచిలో సర్దుతున్నారు. తడిసినవి నా ఒళ్ళో పెడుతున్నారు.