గోడెక్కిన వేళ్ళు

రాంగోపాల్‌పేట్‌లో జగదాంబ మ్యాచింగ్ సెంటర్ ముందు ఒకాయన కారు అడ్డంగా పెట్టి, తియ్యమంటే ఇది నీ తాత రోడ్డా అని అడిగాడు. జగదాంబ బయటికొచ్చింది. కుడిచెయ్యి పైకెత్తి షట్టర్‌ని ఒక్క గుంజు గుంజింది. ఆ చప్పుడుకి బజారంతా ఇటు తిరిగింది.

"నీ కారు పోయేదాంక బంద్. వచ్చిన గిరాకీకి నువ్వే జవాబు చెప్పు" అంది.

జాకెట్టు గుడ్డలకొచ్చిన ఆడవాళ్ళం ఆయన చుట్టూ మూగాం. కారు కదిలింది.

ఆ చెయ్యే లేవకుండా పోయింది. కుడి రొమ్ములో క్యాన్సర్ గడ్డ అని ఆపరేషన్ చేశారు. భర్త పోయిన మనిషి. మరిది తిరుమల్ ఆమెను చిలకలగూడలో మా పక్క వాటాకు తెచ్చుకున్నాడు. చున్నీతో చెయ్యి మెడకు కట్టాడు. చెంబు కూడా ఎత్తనివ్వడు. "రెస్ట్ తీస్కో వదినా, షాపు నేను జూస్కుంట" అని రోజూ ఒకటే పాట. షాపు తాళాలు మాత్రం అతని జేబులో. ఇంత ప్రేమ ఒక్కసారిగా ఎక్కణ్ణుంచి ఊడిపడిందా అని కనిపెట్టి చూస్తూ వచ్చాను.

జగదాంబనూ నమ్మలేదు. మా రెండు వాటాల మధ్య గోడకి సున్నం వేయించింది నేను. దాని మీద అటువైపు, నేను వెళ్ళినప్పుడల్లా నూనె వేళ్ళ గుర్తులు కనబడేవి. మొదట నడుమెత్తున, తర్వాత భుజమెత్తున, అలా పైకి పాకుతున్నాయి. చేతబడి అనుకునేంత తెలివితక్కువదాన్ని కాను. గోడ తనదనడానికి ఆనవాళ్ళు పెడుతోందనుకున్నాను.

తిరుమల్ షాపుకు పోగానే వెళ్ళి తలుపు సందులోంచి చూశాను. చున్నీ విప్పేసింది. చేతికి కొబ్బరినూనె రాసుకుని, గోడకి ఎదురుగా నిలబడి, వేళ్ళను గొంగళిపురుగులా పైకి నడిపిస్తోంది.

"గోడ నాది" అన్నాను.

ఆమె తిరగలేదు. "గోడ నువ్వే ఉంచుకో పెద్దమ్మా. నాకు చెయ్యి గావాలె."

అప్పుడు చెప్పింది. గాయం దగ్గరి గొట్టం తీసేశాక, ఇక చెయ్యి కదపమని డాక్టరమ్మ చెప్పిందట. కట్టి ఉంచితే భుజం పట్టేస్తుందని నర్సు ఈ గోడ పని నేర్పింది. లాగినట్టుంటే ఫర్వాలేదు, నొప్పెడితే ఆపాలి. వాపు, ఎరుపు, జ్వరం వస్తే వెంటనే ఆస్పత్రికి రావాలి. ఆ చేతికి సూది పొడవనివ్వొద్దు. ఇవన్నీ చెప్పినప్పుడు తిరుమల్ మందుల కిటికీ దగ్గరున్నాడు. కదిపితే కుట్లు ఊడతాయని అతని వాదం.

"మరి దాచుడెందుకు? అతని మొఖం మీదే చెప్పరాదా?" అన్నాను.

"ఎర్కైతే ఇది గూడ ఆపిస్తడు. శ్రావణం షురూ అయ్యేసరికి పై రాక్‌లకెళ్ళి గుడ్డలు నేను తియ్యకుంటే షాపు తన పేరు మీదికి మార్చాలంటుండు. భయంతోని అంటుండో, షాపు మీద కన్నేసి అంటుండో, నాకెర్క లేదు."

నాకూ తెలియలేదు. ఇదంతా నాతో ఎందుకు చెబుతోందో అంతకన్నా తెలియలేదు. నన్ను మెత్తబరచి గోడ కాజేద్దామనా అని అడిగేశాను.

జగదాంబ నవ్వి, వేళ్ళు మెల్లగా దించింది.

"రోజు పొద్దుగాల తిరుమల్ పోంగనే వచ్చి ఈడ కూసో పెద్దమ్మా. నన్ను జూస్తే అందరు అయ్యో అంటరు, నీ నోట్లకెళ్ళి అది రాదు. నేను భయపడి ఆగితే తిట్టు. నొప్పెడ్తున్నా పంతానికి పోతే ఇంకా గట్టిగ తిట్టు."