మూడోవాడికి ఆయాసం

మా మామగారికి ఒక కొడుకు, ఒక కూతురు, నాలుగు సిలిండర్లు. ఈ ఆరుగురిలో ఆయన గారాబం ఎవరి మీదో వేరే చెప్పక్కర్లేదు. కొడుక్కి జ్వరమొస్తే "మాత్ర వేసుకుని పడుకో" అని పేపరు తిప్పేసే మనిషి, కారు ఇంజన్ ఒక్కసారి పొడిదగ్గు దగ్గితే ఆ పూట అన్నం సహించక లేచిపోతారు.

కారు పాతది, పెట్రోలు బండి. మా ఆవిడ పలకా బలపం పట్టిన రోజుల్లో కొన్నది. దాని నాలుగు సిలిండర్లకీ ఆయన వరసలు పెట్టుకున్నారు. పెద్దోడు బుద్ధిమంతుడు. రెండోవాడు కష్టజీవి. చిన్నోడు కాస్త అల్లరి. ఎటొచ్చీ మూడోవాడితోనే చిక్కు.

"పుట్టుకతోనే అర్భకుడోయ్ అల్లుడూ," అనేవారు గొంతు తగ్గించి, ఇంజన్‌కి వినపడితే బాధపడుతుందేమోనని. "నాలుగు మలుపులు తిరిగితే చాలు, వాడికి ఆయాసం."

పొద్దున లేచి మొహం కడుక్కోకముందే బానెట్ ఎత్తాలి. ఆయిల్ చూసే పుల్ల బయటికి లాగి, తెల్లగుడ్డతో తుడిచి, మళ్ళీ ముంచి, ఎండకి ఎత్తిపట్టి చూడాలి. "నా మార్కుల కాగితం ఏనాడూ అంత శ్రద్ధగా చూళ్ళేదు," అని మా ఆవిడ ఇప్పటికీ నిష్ఠూరమాడుతుంది. ఆ తరవాత బండి స్టార్టుచేసి, పొడుగాటి స్క్రూడ్రైవర్ ఒక కొన ఇంజన్‌కీ, ఇంకో కొన చెవికీ ఆనించి, కళ్ళు మూసుకుని వింటారు. ఆ కాసేపూ ఇంట్లో ఎవరూ తుమ్మకూడదు. వంటింట్లో మిక్సీ తిరిగిందా, అయిపోయిందే!

"ఆపవే! టాపెట్ల చప్పుడు వినపడి చావట్లేదు!"

"నేను ఆపితే మీకు పచ్చడి కనపడదు!" అనేవారు మా అత్తగారు లోపలినుంచి.

పక్కింటాయన ఒకసారి సరదాకి ఆ బండిని 'డొక్కు' అన్నాడు. అంతే, మామగారు ఆయనతో మాటలు మానేశారు. అప్పు తెచ్చుకున్న నిచ్చెన కూడా తిరిగివ్వలేదు.

పెళ్ళయిన కొత్తలో మమ్మల్ని చుట్టాలింటికి ఆ బండిలో తీసుకెళ్ళారు. నన్ను ముందు కూర్చోబెట్టుకున్నారు. అత్తగారూ మా ఆవిడా వెనక. దారి పొడుగునా మామగారు మాటిమాటికీ పైనున్న అద్దంలోకి చూస్తున్నారు. ఎంత జాగ్రత్త గల మనిషో అని నేను మురిసిపోతుండగానే, వెనకనుంచి ఒక లారీ చెవులు చిల్లులు పడేలా హారన్ కొట్టి మమ్మల్ని రాసుకుంటూ పోయింది.

"అరె, ఇదెప్పుడొచ్చింది?" అన్నారు మామగారు.

నా పైప్రాణాలు పైనే పోయాయి. "అద్దం కాస్త సరిచేద్దామాండీ?" అని చెయ్యెత్తాను.

"దాని జోలికెళ్ళకు!" అని నా చెయ్యి పట్టుకున్నంత పనిచేశారు.

మలుపులు మొదలయ్యాయి. ఉన్నట్టుండి మామగారు "అయ్యయ్యో, మూడోవాడు!" అంటూ బండిని రోడ్డువారకి తీసి ఆపేశారు. బానెట్ ఎత్తారు. "దిగండి దిగండి, అందరూ కాస్త గాలి పీల్చుకోండి. వాడికి ఊపిరాడాలి." డాష్‌బోర్డు అరలోంచి ఒక నిమ్మకాయ తీసి, చాకుతో కోసి, ఒక చెక్కని బ్యాటరీ మొనలకి పులిమారు, తుప్పు పట్టకుండా. రెండో చెక్క అత్తగారి చేతిలో పెట్టారు. "ఇది కాస్త పట్టుకో, నా చేతులు మురికి."

అత్తగారు ఆ చెక్క పట్టుకుని అంత దూరం వెళ్ళి, మాకు వీపు పెట్టి నిలబడ్డారు. ఆవిడ రిటైరైన లెక్కల టీచరు. ఒంట్లో బాగాలేదనే మాట ఆవిడ నోట విన్నవాళ్ళు లేరు. ఎవరు పలకరించినా "నాకేం? గుండ్రాయిలా ఉన్నాను" అంటారు. అలాంటిది కొత్తల్లుడి ముందు చెబుతారా? కాసేపటికి తిరిగొచ్చి మొగుడి మీద విరుచుకుపడ్డారు.

"ఈ డొక్కుని నమ్ముకుని బయల్దేరడం మనది బుద్ధితక్కువ!"

"నిజమేనే," అన్నారు మామగారు బుద్ధిగా తలొంచుకుని. "వీడిక బాగుపడడు."

డొక్కు అన్నందుకు నిచ్చెన ఎగ్గొట్టిన మనిషేనా అని నేను తెల్లబోయాను. పెళ్ళాం ముందు ఎవరైనా అంతేలే అని సరిపెట్టుకున్నాను.

ఆ తరవాత ఎన్ని ప్రయాణాలో, అన్నిటికీ ఇదే వరస. మేం చేరేసరికి చుట్టాలిళ్ళలో అన్నాలు చల్లారిపోయేవి. మా బండి పేరు చెబితే పిల్లలు కూడా నవ్వేవాళ్ళు. విచిత్రమేమిటంటే, మామగారూ నేనూ ఇద్దరమే వెళ్ళినప్పుడు మూడోవాడు ఒక్కసారి కూడా ఆయాసపడ్డ పాపాన పోలేదు. "నీ కాలు మంచిదోయ్" అనేవారు. నేనూ వెర్రివాడిలా నమ్మాను.

ఇలా ఉండగా అత్తగారి పాత విద్యార్థులంతా కలిసి, ఆవిడ పనిచేసిన బడిలో ఆవిడకి సన్మానం తలపెట్టారు. ఆ బడి ఉన్నది వేరే ఊళ్ళో. మా బావమరిది అప్పుడే కొన్న తళతళలాడే కారు తీసుకుని దిగాడు.

"అమ్మా, నువ్వు నా కార్లో రా. ఆ బండెక్కితే సన్మానం నీకు కాదు, ఖాళీ కుర్చీకి జరుగుతుంది."

"నేను మీ నాన్నతోనే వస్తాన్రా," అన్నారు అత్తగారు.

"ఆయన్ని నమ్మొచ్చు, ఆ ఇంజన్ని నమ్మేదెలా? అది ఇంజనా, పాత ఇనుమా?"

మామగారు అగ్గి మీద గుగ్గిలమయ్యారు. "ఏంట్రా కూశావ్? రేపు దారిలో ఇది ఒక్కచోట ఆగిందంటే, నా చేతుల్తో నేనే అమ్మేస్తా! ఇది నా మాట!"

అనేసి, అత్తగారి వైపు చూసి, గభాలున నోరు మూసుకున్నారు. ఆయన మొహంలో నెత్తురుచుక్క లేదు. కోపంలో నోరు జారారనుకున్నానే గానీ, ఏం జారిందో నాకప్పుడు తెలీలేదు.

అంతకు నాలుగు రోజుల ముందే ఆయన కంటికి ఆపరేషనైంది. ఒక కంటికి కట్టు, దాని మీద నల్లద్దాలు. అంచేత బండి నడిపే భాగ్యం మొదటిసారి నాకు దక్కింది. మా ఆవిడ తన తమ్ముడి కార్లో ముందే వెళ్ళిపోయింది. మామగారు నా పక్కన, అత్తగారు వెనక.

సీట్లో కూర్చుని అద్దంలోకి చూశాను. రోడ్డు లేదు. వెనకున్న కిటికీ కూడా లేదు. అద్దం నిండా అత్తగారి మొహమే. కొత్త పెళ్ళికొడుకులా ఇదేం అమరిక అనుకుని, సరిచేయబోయి, ఆయన కేకలేస్తారని ఊరుకున్నాను. పక్కద్దాలే దిక్కనుకుని బయల్దేరాను.

ఇంజన్ వెన్నలా నడుస్తోంది. మలుపులొచ్చాయి. వేడి చూపించే ముల్లు ఎక్కడుండాలో అక్కడే, నడిమధ్యన బుద్ధిగా కూర్చుంది. మామగారు మాత్రం ముళ్ళ మీద కూర్చున్నట్టు కదులుతున్నారు. చివరికి నా వైపు వంగి, గుసగుసగా అడిగారు.

"అల్లుడూ, మూడోవాడెలా ఉన్నాడు?"

"భేషుగ్గా ఉన్నాడండీ. ముల్లు ఒక్క గీత కూడా..."

"ముల్లు కాదోయ్. అద్దంలో చూడు."

చూశాను. అత్తగారి మొహం పాలిపోయి ఉంది. పెదాలు బిగబట్టి, కొంగు నోటికడ్డం పెట్టుకుని కిటికీలోంచి దూరంగా చూస్తున్నారు. చెమటలు కారుతున్నాయి. అప్పటిగ్గానీ నా మట్టిబుర్రకి వెలగలేదు. ఇన్నేళ్ళూ ఆయన ఆ అద్దంలో చూసుకుంటూ వచ్చింది ఈ మొహాన్ని! ఇంజన్‌కి రోగమూ లేదు, రొష్టూ లేదు. కారెక్కితే కడుపులో తిప్పుతుందని చెప్పుకోలేని మనిషి పరువు కాపాడటానికి, తన ప్రాణంలాంటి ఇంజన్ పరువు ఊరూవాడా తీశాడీ మహానుభావుడు. నాకు నవ్వొచ్చింది.

"బాగాలేడు మామగారూ," అన్నాను మెల్లిగా. "కానీ ఆపితే మీ మాట..."

"మాటదేముంది? ఆపు ముందు."

ఆపాను. ఆయన తడుముకుంటూ దిగి, బానెట్ ఎత్తి, "వీడి పని అయిపోయింది, ఇక అమ్మేయడమే" అని గట్టిగా అన్నారు. నిమ్మకాయ నేనే కోశాను.

మేం బడి గేటు దగ్గరికి చేరేసరికి బావమరిది గడియారం చూసుకుంటూ నిలబడున్నాడు. వెనకాల పూలగుత్తులు పట్టుకుని అత్తగారి విద్యార్థులు.

"ఆగింది కదూ?"

"ఆగిందిరా," అన్నారు మామగారు. "మాటంటే మాటే. అమ్మేస్తా."

"ఎవరండీ అమ్మేది?" అత్తగారు దిగి, తలుపు ధడాలున వేశారు. "బండి ఆగలేదురా. నా కోసం ఆపారు. కారెక్కితే నాకు కడుపులో తిప్పుతుంది. ఇది కొన్న దగ్గర్నుంచీ ఇంతే. చాలా?"

విద్యార్థులంతా వింటున్నారు. అల్లుణ్ణి, నేనూ ఉన్నాను. ఆవిడ లెక్కచేయలేదు.

మామగారు నల్లద్దాలు పైకెత్తి ఆవిడకేసి చూశారు. "నీకు... తెలుసా?"

"లెక్కల టీచర్నండీ! నేనెక్కిన రోజే వాడికి ఆయాసం, నేనెక్కని రోజు వాడు గుండ్రాయి. ఈపాటి లెక్క తేల్చలేనా? అయినా బ్యాటరీకి నిమ్మకాయేమిటండీ, నా మొహం!"

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"మీరంత ముచ్చటగా అబద్ధమాడుతుంటే చెడగొట్టబుద్ధి కాలేదు."

బావమరిది వెళ్ళి ఆ పాత బానెట్ మీద చెయ్యి వేసి, "క్షమించండి నాన్నా" అన్నాడు. ఎన్నడూ లేనిది, నాన్నని 'అండీ' అన్నాడు. సన్మానం బ్రహ్మాండంగా జరిగింది. రెండు ముక్కలు మాట్లాడమని మామగారికి మైకిస్తే, తన ఇంజన్ నిర్దోషి అని చెప్పడానికే సరిపోయింది. అత్తగారు శాలువా లాక్కుని మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

తిరుగు ప్రయాణంలో మలుపులు రాగానే వెనకనుంచి ధైర్యంగా గొంతు వినిపించింది. "అల్లుడుగారూ, ఆపండి. నాకే."

ఆపాను. మామగారు అలవాటుగా దిగి బానెట్ ఎత్తారు.

"ఇప్పుడెందుకండీ అది?" అన్నాను.

"ఇన్నేళ్ళు వాడి మీద నిందలేశానోయ్. ఒక మాట చెప్పుకోవద్దూ?" అని మూడో సిలిండరు మీద ఆప్యాయంగా చెయ్యి వేసి, "అబ్బా!" అని వెనక్కి లాక్కుని వేళ్ళు ఊదుకున్నారు.

"ఏమైంది?" అన్నారు అత్తగారు నిమ్మచెక్క వాసన చూస్తూ.

"ఏం లేదే. అలిగాడు."