బాపట్లలో ఆగిన మద్రాసు ప్రయాణం

1971లో నన్ను అసిస్టెంట్ సర్జన్‌గా రేపల్లె వేశారు. అప్పటికి నా దగ్గరున్నవి ఒక కొత్త స్టెతస్కోపు, దానికి మించిన గొప్పలు. హౌస్ సర్జన్‌గా ఉండగా కృత్రిమ మూత్రపిండం బొమ్మ చూశాను. రక్తాన్ని ఒంట్లోంచి బయటికి తీసి, పల్చటి పొర గుండా పారించి, విషాన్ని వడగట్టి మళ్లీ ఎక్కించే యంత్రం అది. అసలు యంత్రాన్ని కళ్లతో చూసిన పాపాన పోలేదు. అయినా కాంపౌండరు మొదలుకొని అందరికీ దాని గురించి చెప్పి ప్రాణం తీసేవాణ్ణి.

ఒకరోజు దగ్గర్లోనే ఉన్న నగరం అనే పల్లెటూరి నుంచి ఒక బడిపంతులు తన కూతురు రూతమ్మను స్పృహ లేని స్థితిలో తెచ్చాడు. ఆ పిల్లకి మూర్ఛ జబ్బు. ఆదివారం చర్చిలో ఒక్కతే పాట పాడాలి. అందరి ముందూ ఫిట్స్ రాకూడదని తన ఫినోబార్బిటోన్ మాత్రలు ఎడాపెడా మింగేసింది. ఆ మందు ఎక్కువైతే ఊపిరి మందగిస్తుంది.

"ఒక్కతే కూతురండి," అన్నాడు పంతులు.

కడుపు కడిగాం, ఆక్సిజన్ పెట్టాం. సెలైన్‌తో పాటు సోడాబైకార్బ్ ఎక్కించాం. దానివల్ల ఆ మందు మూత్రంలో త్వరగా బయటికి పోతుంది. రెండు రోజులైనా పిల్ల కళ్లు తెరవలేదు. దక్కదేమోనని నిజంగా భయపడ్డాను. ఆ భయంలో యంత్రం గుర్తొచ్చి, అది ఉందని విన్న మద్రాసు తీసుకెళ్దామన్నాను.

రేపల్లె బండిలో తెనాలి చేరాం. ముందే కబురు పెట్టడంతో అక్కడి ఆసుపత్రిలో ఉన్న మా సీనియర్ ఫిజీషియన్ ప్లాట్‌ఫారం మీదికే వచ్చి పరీక్షించారు. మూత్రం ధారాళంగా వస్తోంది, బీపీ బాగుంది, గిల్లితే చెయ్యి లాక్కుంటోంది, తేరుకుంటోంది కాబట్టి ఇక్కడే ఉంచమన్నారు. పాతకాలం మనిషి, యంత్రాల సంగతి ఈయనకేం తెలుసులే అనుకుని మద్రాసు మెయిలెక్కించాను.

బాపట్లలో బండి ఆగేసరికి రూతమ్మ ముక్కులో గొట్టం తనే లాగేసుకుని కళ్లు తెరిచింది.

"నాన్నా, నా పాట ఎవరు పాడారు?"

పంతులు కండువా నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. నాకూ ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే, చెప్పడానికి సిగ్గుగా ఉంది, ఉసూరుమనిపించింది కూడా.

"ఇంక మద్రాసు ఎందుకండి, దిగిపోదామండి," అన్నాడు పంతులు.

"అలా కాదండి, ఎందుకైనా మంచిది, ఒకసారి యంత్రం దగ్గరికి..." అని మొదలెట్టాను.

రూతమ్మ నన్ను ఎగాదిగా చూసి తండ్రిని అడిగింది. "ఈయనకేమైంది నాన్నా?"

సామాను నేనే దించాను. ఒక రోజు బాపట్ల ఆసుపత్రిలో ఉంచి ఇంటికి పంపించాం. నేను మద్రాసులో చేయించాలనుకున్న పనిని రూతమ్మ మూత్రపిండాలు రేపల్లె మంచం మీదే చాలావరకు కానిచ్చేశాయి.

తర్వాత రోజుల్లో ఎవర్ని పెద్దాసుపత్రికి రాయాల్సొచ్చినా, ఈ ప్రయాణం రోగి కోసమా, నా కోసమా అని ముందు నన్ను నేను ప్రశ్నించుకునేవాణ్ణి. జవాబు ఒక్కోసారి ఆలస్యంగా వచ్చేది.