బీమ్ హాల్లో లక్కగాజులు

శంషాబాద్ ఎయిర్‌పోర్టు దాటాక ఉంది మా లేజర్ కేంద్రం. అక్కడ ఇనుప రేకును రెప్ప వేసేలోపు నక్షత్రం కడుపులో ఉండేంత వేడికి తెస్తారు. ఆ గొప్పంతా సార్లది. కంటికి కనబడని కిరణాన్ని అద్దం నుంచి అద్దానికి సరిగ్గా పంపే చాకిరీ అక్కది, నాది. అక్కంటే తోడబుట్టింది కాదు, నాకు పని నేర్పిన మామిడిపల్లి రైతింటి కోడలు.

ఆ మధ్య ఊళ్లల్లో ఒక పుకారు లేచింది. ఒక్క కొడుకున్న తల్లికి, ఇద్దరు కొడుకులున్న ఆమె గాజులు తొడగాలట. లేకుంటే కొడుక్కి కీడట. ఈ మాటలు పుట్టించేవాళ్ల నోట్లో మన్నుపడ! అక్కకు ఒక్కడే కొడుకు. పక్కింటామె చేత అద్దాలు పొదిగిన లక్కగాజులు తొడిగించుకుని డ్యూటీకి వచ్చింది.

కిరణం నడిచే బీమ్ హాల్లో గాజులు, ఉంగరాలు ఉండకూడదు. మెరిసేది ఏదైనా కిరణాన్ని ఎటో తిప్పికొడుతుంది.

"తియ్యక్కా, గిదేం పిచ్చి?" అన్నాను.

"నీకేందే, మీ చర్చిల గివన్ని ఉండయి. నెల నిండేదాక తియ్యొద్దన్నరు. నా కొడుక్కేమన్న అయితే నువ్వు తెచ్చిస్తవా?"

అక్క గాజుల మీద నల్లటేపు చుట్టుకుంది.

కిరణం తగిలిన చోట వెలిగే కార్డు మీద చుక్క మసగ్గా ఉంటే రక్షణ కళ్లద్దాలు పైకెత్తి చూడటం మా అందరికీ అలవాటే. ఆ రోజు అక్కా ఎత్తింది. అద్దం తిప్పుదామని చెయ్యి చాపింది. టేపు ఊడి గాజు అద్దం బయటపడింది. నాకేమీ వినబడలేదు, ఏ వెలుగూ కనబడలేదు. "అయ్యో, కుడికంట్ల ఏందో టప్పుమన్నదే" అంటూ అక్క కూలబడింది.

కంటి లోపలి పొర నడుమ కాలిపోయిందని, అక్కడి చూపు ఇక రాదని దవాఖానలో డాక్టరు చెప్పాడు. ఆపరేషన్ చేయండని వెంటపడ్డాను. ఆయన తల అడ్డంగా ఊపి తర్వాతి పేషెంటును పిలిచాడు.

"కొడుకు మంచిగున్నడు గద. నా కన్నుతోటి కీడు పోయింది" అంది అక్క. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ గాజులు అక్కడే పగలగొట్టాలనిపించింది. కొట్టి ఏం లాభం?

ఇప్పుడు అక్కను హాల్లోకి రానివ్వరు. మొన్న ఆదివారం ప్రార్థన అయ్యాక వాళ్లింటికి పోయాను. చూపు ఏమన్నా తిరిగొచ్చిందేమోనని రోజూ ఎడమకన్ను మూసి చూసుకుంటుందట. నా ముందూ అలాగే అరచెయ్యి అడ్డం పెట్టుకుంది.

"చెవులు కనబడుతున్నయి, జడ కనబడుతున్నది. నడుమ మొకమే లేదే. నవ్వుతున్నవా, ఏడుస్తున్నవా? జర చెప్పు."

"నవ్వుతున్న అక్కా" అన్నాను.