అక్క గుర్రం

దర్జీ అక్కకి ఓడిపోవడమంటే చిన్నప్పటి నుంచీ గిట్టదు. దాగుడుమూతల్లో దొరికిపోతే "నేనింకా దాక్కోలేదు" అనేది. పెద్దయి దుకాణం పెట్టాక, కుట్టిన చొక్కా బిగుతైతే తప్పు ఆమెది కాదు, వేసుకున్నవాడి పొట్టది. ఇలాంటి మనిషితో ఒకే ఇంట్లో ఉంటున్న చెల్లెలు, టెలిఫోన్ ఆఫీసులో జనం తిట్లన్నీ నవ్వుతూ విని రిటైరైన మనిషి, అక్క దగ్గర మాత్రం రోజుకోసారైనా తల బాదుకునేది.

ఆ అక్క ఒకరోజు దిండు గలీబును నాలుగు వైపులా కుట్టేసింది. దిండు దూరే దారే లేదు. దాన్ని తిప్పి తిప్పి చూస్తూ కూర్చుంటే చెల్లెలు భయపడి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. డాక్టరు పరీక్షలు చేసి, ఇప్పుడే ఏమీ చెప్పలేమన్నాడు. మెదడుకి పని, మనసుకి తోడు ఉండాలి, చదరంగం ఆడించండి, కోప్పడకండి అన్నాడు. ఆ చివరి మాట ఎవరితో చెబుతున్నాడో పాపం ఆయనకి తెలియదు.

రోజూ టీ తాగాక ఆట. అక్క గుర్రం దాని ఇష్టం వచ్చినట్టు నడిచేది.

"అక్కా, గుర్రం అలా వెళ్ళదు."

"వెళ్ళింది కదా."

చెల్లెలు పళ్ళు నూరుకునేది. మంత్రిని పోగొట్టుకుని, రాజును అప్పగించి, స్నానాలగదిలో కుళాయి తిప్పుకుని ఏడ్చేది. నిన్న గలీబు, ఇవాళ గుర్రం, రేపు నన్ను కూడా మరిచిపోతుందేమోనని భయం. అన్యాయంగా ఓడిపోతున్నానన్న కచ్చ సరేసరి.

ఒక సాయంత్రం మేడమీద అద్దెకుండే ప్లంబరు ఆటకి కూర్చున్నాడు. వంటింట్లో కప్పులు కడుగుతున్న చెల్లెలికి అక్క గొంతు వినిపించింది.

"ఏంటి బాబూ అది? గుర్రం రెండు గళ్ళు నేరుగా వెళ్ళి, ఒక గడి పక్కకి తిరుగుతుంది. నా దగ్గరా నీ తొండాట?"

చెల్లెలు తడి చేతులతోనే వచ్చేసింది. ఆమె ముఖం చూసి ప్లంబరు పనుందని జారుకున్నాడు.

"అంటే ఇన్నాళ్ళూ తెలిసే ఆడావా?"

"నువ్వు ఒప్పుకున్నావుగా."

"డాక్టరు కోప్పడొద్దన్నాడని నోరు మూసుకున్నాను. నీకేదో అయిపోతోందని కుళ్ళి కుళ్ళి ఏడ్చాను."

"అందుకే మరీ సులువుగా ఓడిపోయావు."

చెల్లెలికి ఒళ్ళు మండిపోయింది. పోయిన ప్రాణం లేచొచ్చినట్టు కూడా అయింది. తిట్టబోయి నవ్వేసింది. "అయితే ఆ గలీబు కూడా నాటకమేనన్నమాట."

అక్క పావులు ఒక్కొక్కటీ వాటి గళ్ళలో సర్దింది.

"అది నాటకం కాదే. దిండు ఎటునుంచి దూర్చాలో నిజంగానే తెలియలేదు."

చెల్లెలు ఎదురుగా కూర్చుంది. ఆట మొదలైంది. కాసేపటికి అక్క గుర్రాన్ని తీసి ఐమూలగా పెట్టింది.

"అక్కా, గుర్రం అలా వెళ్ళదు," అని చెల్లెలు ఈసారి గట్టిగానే కసిరింది.

అక్క గుర్రంవైపు కాసేపు చూసి, తిరిగి పాత గడిలోనే పెట్టేసింది.

"వాదించవేం అక్కా?" అని విసుక్కుంది చెల్లెలు. "వాదించు."